పోయిన క్రోమోజోముల సాక్ష్యం: సంకర కణాలతో జన్యుపటం గీసిన చరిత్ర

జన్యుశాస్త్రంలో పటమంటే ఏ జన్యువు ఏ క్రోమోజోము మీద, ఏయే జన్యువుల నడుమ, ఎంత ఎడంలో ఉన్నదో చూపే వరుస. ఇటువంటి పటాన్ని మొట్టమొదట గీసినవారు న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో థామస్ హంట్ మోర్గాన్ వద్ద చదువుకుంటున్న ఆల్‌ఫ్రెడ్ స్టర్టివాంట్. 1913లో వెలువడిన ఆయన వ్యాసం డ్రోసోఫిలా అనే పండ్ల ఈగలో లింగ క్రోమోజోముకు చెందిన ఆరు జన్యు కారకాలను ఒకే సరళరేఖ మీద వరుసగా నిలిపింది. ఒకే క్రోమోజోము మీద ఉన్న జన్యువులు సాధారణంగా కలిసే సంతానానికి సంక్రమిస్తాయి. ఈ లక్షణాన్ని సహలగ్నత అంటారు. అయితే అండాలు, శుక్రకణాలు తయారయ్యే దశలో జంట క్రోమోజోములు తమ ముక్కలను ఇచ్చిపుచ్చుకోవటం వల్ల ఆ జన్యువులు అప్పుడప్పుడు విడిపోతాయి. వాటి మధ్య దూరం ఎక్కువైనకొద్దీ విడిపోయే సందర్భాలూ ఎక్కువవుతాయి. స్టర్టివాంట్ పటానికి ఈ లెక్కే కొలబద్ద అయింది.

ఈగకు కుదిరిన కొలబద్ద మనిషికి కుదరలేదు. ఈగ రెండు వారాలు తిరక్కుండానే తరం మారుతుంది, ఒక్కొక్క జంట వందల సంఖ్యలో సంతానాన్నిస్తుంది, ఏ ఆడ ఈగను ఏ మగ ఈగతో జతపరచాలో పరిశోధకుడే నిర్ణయిస్తాడు. మనుషుల్లోనైతే తరానికి పాతికేళ్లు పడుతుంది, సంతానం కొద్ది, ఎవరి పెళ్లి ఎవరితో జరగాలో చెప్పే అధికారం శాస్త్రానికి లేదు. పురుషుల్లో ఒక్కటే ఉండే ఎక్స్ క్రోమోజోము ఒక్కటి ఈ కష్టానికి కొంత మినహాయింపుగా నిలిచింది. తల్లి ద్వారా కొడుకులకు వచ్చే వర్ణాంధత్వం ఆ క్రోమోజోముకు చెందినదని 1911లో ఇ. బి. విల్సన్ గుర్తించగా, వర్ణాంధత్వానికీ, రక్తం గడ్డకట్టని హీమోఫీలియా వ్యాధికీ మధ్య సహలగ్నత ఉన్నదని 1937లో జూలియా బెల్, జె. బి. ఎస్. హాల్డేన్ కుటుంబ వంశావళుల ఆధారంగా చూపించారు. తక్కిన 22 జతల క్రోమోజోముల పటం మాత్రం తెల్లకాగితంగానే మిగిలింది. మనిషికి ఉన్న క్రోమోజోములు 46 అని స్వీడన్‌లోని లుండ్‌లో జో హిన్ టియో, ఆల్బర్ట్ లెవాన్ తేల్చిందే 1956లో కాగా, లింగేతర క్రోమోజోముల్లో ఒకదానికి ఒక జన్యువును నిస్సందేహంగా ముడిపెట్టటం 1968 వరకు సాధ్యపడలేదు. ఆ ఏడాది జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయానికి చెందిన రోజర్ డోనహ్యూ, తన బంధువర్గంలో వంశపారంపర్యంగా వస్తున్న ఒక వింత ఆకారపు 1వ క్రోమోజోమును, డఫీ అనే రక్తవర్గాన్ని జతగా పరిశీలించి, రెండూ కలిసే నడుస్తున్నాయని నిరూపించారు. అటువంటి కుటుంబం దొరకటం అదృష్టం మీద ఆధారపడిన విషయం. అదృష్టాన్ని నమ్ముకొని పటమంతా పూరించటం జరిగే పని కాదు.

పెళ్లి, సంతానం అనే దారి మూసుకుపోయినప్పుడు, లైంగిక ప్రత్యుత్పత్తితో పని లేకుండా జన్యువులను కలిపి విడదీయటం సాధ్యమా అనే ప్రశ్న సహజంగా ముందుకొచ్చింది. దీనికి తొలి సమాధానం బూజుల నుంచి లభించింది. గ్లాస్గోలో పనిచేసిన గ్విడో పాంటెకోర్వో, ఆయన సహచరులు 1950లలో ఆస్పర్‌జిల్లస్ అనే బూజులో రెండు కేంద్రకాలు కలిసిపోవటం, కలిసిన కేంద్రకం కణవిభజనల్లో తన క్రోమోజోములను ఒక్కొక్కటిగా పోగొట్టుకోవటం గమనించి, ఈ కలయికను, ఈ నష్టాన్ని వాడుకొని జన్యువుల స్థానాలను గుర్తించవచ్చని చూపించారు. మనిషి శరీర కణాల్లో కూడా ఇటువంటి ప్రక్రియను తెప్పించగలిగితే మానవ జన్యుశాస్త్రం వంశావళుల నుంచి ప్రయోగశాలకు తరలుతుందన్న ఆలోచన అప్పటికే కొందరిలో మెదులుతున్నది.

పాలిచ్చే జంతువుల శరీర కణాలు కలుస్తాయన్న సాక్ష్యం 1960లో పారిస్ నగర శివార్లలోని విల్‌జ్విఫ్‌లో ఉన్న గుస్తావ్ రూసీ సంస్థ నుంచి వచ్చింది. జార్జ్ బార్‌స్కీ, సెర్జ్ సోరియల్, ఫ్రాన్సీన్ కార్నెఫెర్ ఎలుకకు చెందిన రెండు వేర్వేరు కణ వంశాలను ఒకే పాత్రలో పెంచినప్పుడు, ఆ రెండింటి క్రోమోజోములూ ఒకే కేంద్రకంలో చేరిన మూడో రకం కణాలు వాటంతట అవే పుట్టుకొచ్చాయి. ఇటువంటి కణాన్ని సంకర కణం అంటారు. ఈ ఫలితం ప్రాధాన్యాన్ని వెంటనే గ్రహించినవారిలో మాస్కోలో పుట్టి ఫ్రాన్సులో స్థిరపడిన బోరిస్ ఎఫ్రుసీ ముఖ్యులు. అయితే సంకర కణాలు తమంత తాముగా పుట్టటం చాలా అరుదు. లక్షల సంఖ్యలో ఉన్న తల్లి కణాల మధ్య ఒకటీ అరా సంకర కణాన్ని గుర్తించి వేరు చేయటం ధాన్యపు రాశిలో ఒక్క గింజను వెతికినట్టే. ఈ కలయికలను తరచుగా జరిగేట్టు చేయటం, కలిసిన కణాలను తప్ప మిగతావాటిని బతకనివ్వకపోవటం అనే రెండు పనులు నెరవేరితే గాని పద్ధతి నిలబడదు.

వీటిలో రెండో పనిని సాధించిన మాధ్యమానికి హ్యాట్ అని పేరు. మాధ్యమమంటే కణాలు పెరిగే పోషక ద్రవం. హైపోజాంథిన్, అమినోప్టెరిన్, థైమిడిన్ అనే మూడు పదార్థాల తొలి అక్షరాలు కలిసి దానికి ఆ పేరు వచ్చింది. కణం డీఎన్ఏను తయారుచేసుకోవటానికి కావలసిన ముడిసరుకును రెండు దారుల్లో సంపాదించుకుంటుంది. ఒకటి చిన్న అణువుల నుంచి మొదలుపెట్టి కొత్తగా నిర్మించుకొనే దారి, రెండోది సిద్ధంగా ఉన్న భాగాలను ఏరుకొని తిరిగి వాడుకొనే దారి. అమినోప్టెరిన్ మొదటి దారిని మూసేస్తుంది. అప్పుడు కణం బతకాలంటే రెండో దారే శరణ్యం, ఆ దారిలో నడవటానికి హెచ్‌జీపీఆర్‌టీ, థైమిడిన్ కైనేజ్ అనే రెండు ఎంజైములూ ఉండి తీరాలి. మొదటి ఎంజైము లేని కణవంశాన్ని, రెండో ఎంజైము లేని కణవంశాన్ని కలిపి ఈ మాధ్యమంలో పెంచితే, తల్లి కణాలు రెండు రకాలూ చచ్చిపోయి, ఒకదాని లోటును మరొకటి తీర్చుకున్న సంకర కణాలు బతుకుతాయి. ఇటువంటి మాధ్యమాన్ని 1962లో విస్కాన్సిన్‌లో ఎలిజబెత్ షిబాల్స్కా, వాట్స్‌వాఫ్ షిబాల్స్కీ దంపతులు వేరొక అవసరానికి ఉపయోగించగా, దాన్ని సంకర కణాల ఎంపికకు మలచినవారు జాన్ లిటిల్‌ఫీల్డ్. ఆయన ప్రయోగం 1964లో వెలువడింది.

ఈ మాధ్యమానికి ఆయువుపట్టయిన అమినోప్టెరిన్ వెనుక ఒక తెలుగువాడి కృషి ఉంది. 1895లో భీమవరంలో జన్మించి, 1923లో అమెరికా వెళ్లి, హార్వర్డ్‌లో పనిచేసిన తరువాత లెడర్లీ ప్రయోగశాలల పరిశోధన విభాగానికి నాయకత్వం వహించిన యల్లాప్రగడ సుబ్బారావు, అక్కడి తన బృందంతో ఫోలిక్ ఆమ్లాన్ని, ఆ తరువాత దాని పనికి అడ్డుపడే సమ్మేళనాలను తయారుచేయించారు. వాటిలో ఒకటైన అమినోప్టెరిన్‌ను బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ తీవ్రమైన రక్త క్యాన్సర్‌తో బాధపడుతున్న 16 మంది పిల్లలకు ఇవ్వగా, 10 మందిలో తాత్కాలికంగా గుణం కనిపించిందని 1948లో ప్రకటించారు. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. వేగంగా పెరిగే క్యాన్సర్ కణాల్లో డీఎన్ఏ తయారీని ఆపటానికి పుట్టిన మందు, పదహారేళ్ల తరువాత మరో ప్రయోగశాలలో జల్లెడగా మారి సంకర కణాలను వేరుచేసింది.

కలయికలను ఎక్కువ చేయటం అనే మొదటి పనికి సాధనం జపాన్‌లో దొరికింది. సెండాయ్ నగరం పేరును మోస్తున్న ఒక వైరస్, క్యాన్సర్ కణాల పొరలను ఒకదానితో ఒకటి అతికించి, అనేక కేంద్రకాలు గల పెద్ద కణాలను పుట్టిస్తుందని ఒసాకా విశ్వవిద్యాలయానికి చెందిన యోషియో ఒకాడా 1957లో వివరించారు. అతినీలలోహిత కిరణాలతో ఈ వైరస్ వ్యాధికారక శక్తిని చంపినా, పొరలను అతికించే గుణం దానికి మిగిలే ఉంటుంది. దీన్ని వాడుకొని ఆక్స్‌ఫర్డ్‌లో హెన్రీ హ్యారిస్, జాన్ వాట్కిన్స్ 1965లో మనిషి కణాన్ని ఎలుక కణంతో కలిపారు. మనిషి వైపు నుంచి వాడిన కణాలు హేలా కణాలు. 1951లో బాల్టిమోర్‌లో హెన్రియెట్టా లాక్స్ అనే నల్లజాతి మహిళ గర్భాశయ ముఖ క్యాన్సర్ నుంచి ఆమె అనుమతి లేకుండా తీసుకున్న కణాల సంతతి అది. దాదాపు అదే కాలంలో ఎఫ్రుసీ, ఆయన శిష్యురాలు మేరీ వైస్ వైరస్ సాయం లేకుండానే పెద్ద ఎలుక, చిట్టెలుక కణాల సంకరాలను పెంచి, రెండు జాతుల జన్యువులూ ఒకే కణంలో పనిచేయగలవని చూపించారు. జాతుల మధ్య ఉన్న గోడ గర్భధారణకు అడ్డే గాని, శరీర కణాల సహజీవనానికి అడ్డు కాదని దీంతో స్పష్టమైంది.

పద్ధతి మలుపు తిరిగింది 1967లో. న్యూయార్క్ విశ్వవిద్యాలయంలో హవార్డ్ గ్రీన్ వద్ద చేరిన మేరీ వైస్, థైమిడిన్ కైనేజ్ లేని చిట్టెలుక కణాలను మామూలు మానవ కణాలతో కలిపి హ్యాట్ మాధ్యమంలో పెంచినప్పుడు ఒక అసమానత కనబడింది. సంకర కణంలో ఎలుక క్రోమోజోములు దాదాపు అన్నీ నిలిచి ఉండగా, మానవ క్రోమోజోములు విభజన వెంట విభజనగా రాలిపోయి చివరకు కొద్ది మాత్రమే మిగిలాయి. ఏది పోవాలి, ఏది మిగలాలి అన్నది ఒక్కొక్క కణవంశంలో ఒక్కొక్క రకంగా ఉంది. రెండు జాతుల కణాలను సమానంగా కలపాలనుకొనేవారికి ఇది లోపంగా కనిపించవచ్చు. జన్యువుల చిరునామా కోసం వెతికేవారికి మాత్రం పాంటెకోర్వో బూజులో చూసిన నష్టమే మనిషి క్రోమోజోములకు సంక్రమించింది. హ్యాట్ మాధ్యమంలో బతికిన ప్రతి కణానికీ మనిషి నుంచి వచ్చిన థైమిడిన్ కైనేజ్ తప్పనిసరి కనుక, ఆ జన్యువును మోసే మానవ క్రోమోజోము బతికిన ప్రతి వంశంలోనూ ఉండి తీరాలి. ఆ ఎంజైము ఉన్న కణాలను చంపే బ్రోమోడీఆక్సీయూరిడిన్ అనే పదార్థంలో పెంచితే, అదే క్రోమోజోమును పోగొట్టుకున్న కణాలే మిగలాలి.

ఈ వాదసరళి భారతీయ తర్కానికి పరిచితమైనదే. తెలుగు ప్రాంతంవాడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు రచించిన తర్కసంగ్రహం, పొగను బట్టి నిప్పును ఊహించే పద్ధతిలో అన్వయం, వ్యతిరేకం అనే రెండు మెట్లను వివరిస్తుంది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది, వంటిల్లు దీనికి ఉదాహరణ. నిప్పు లేనిచోట పొగ ఉండదు, మడుగు దీనికి ఉదాహరణ. సంకర కణాల పద్ధతిలో పొగ స్థానాన్ని మానవ ఎంజైము, నిప్పు స్థానాన్ని మానవ క్రోమోజోము ఆక్రమిస్తాయి. ఎంజైము కనబడిన ప్రతి కణవంశంలో ఫలానా క్రోమోజోము ఉండాలి, ఆ క్రోమోజోము పోయిన ప్రతి వంశంలో ఎంజైము కూడా మాయమవాలి. ఈ నియమం తప్పిన వంశాలు ఎదురైతే, తర్కశాస్త్రం వ్యభిచారం అని పిలిచే దోషం వచ్చినట్టే. అప్పుడు ఆ క్రోమోజోమును పక్కన పెట్టి మరో క్రోమోజోమును పరీక్షించాలి.

ఈ తర్కం ఆచరణలోకి రావటానికి రెండు జతల కళ్లు కావలసివచ్చాయి. మొదటిది, మనిషి ఎంజైమును ఎలుక ఎంజైము నుంచి వేరుగా గుర్తించే చూపు. ఒకే పని చేసే రెండు జాతుల ప్రోటీన్లు విద్యుత్ క్షేత్రంలో వేర్వేరు వేగాలతో కదులుతాయి కనుక, ఎలక్ట్రోఫోరెసిస్ అనే పద్ధతిలో పిండి జిగురు పలక మీద అవి వేర్వేరు గీతలుగా కనిపిస్తాయి. రెండోది, క్రోమోజోములను ఒక్కొక్కటిగా పోల్చుకొనే చూపు. 1960ల చివరి వరకు క్రోమోజోములను పొడవును బట్టి గుంపులుగా విడదీయటమే తెలిసినందువల్ల, థైమిడిన్ కైనేజ్‌ను మోసే క్రోమోజోము ఇ గుంపుకు చెందినదని 1968లో బార్బరా మిజియన్, సి. ఎస్. మిల్లర్ చెప్పగలిగారే గాని ఆ గుంపులో ఏదో తేల్చలేకపోయారు. స్వీడన్‌లో టోర్‌బ్యోన్ కాస్పర్‌సన్, లోరె జెక్ క్వినాక్రిన్ అనే మెరిసే రంగు వాడి, ప్రతి క్రోమోజోముకూ దానిదైన చారల వరుస ఉంటుందని చూపిన తరువాత, 1971లో ఆ జన్యువు 17వ క్రోమోజోముకు చెందినదని నిర్ధారణ అయింది. కుటుంబ వంశావళి ప్రమేయం లేకుండా లింగేతర క్రోమోజోము మీద చిరునామా సంపాదించిన తొలి మానవ జన్యువు ఇదే.

ఒక్కొక్క జన్యువుకు ప్రత్యేకమైన మాధ్యమం వెతకవలసిన అవసరాన్ని తొలగించినది కణవంశాల ఫలకం అనే ఏర్పాటు. ఏ వంశంలో ఏ మానవ క్రోమోజోములు మిగిలాయో ముందే లెక్క రాసిపెట్టుకున్న కొద్దిపాటి సంకర వంశాల సముదాయమే ఫలకం. ఇందులోని గణితం ఛందస్సులో గురులఘువుల ప్రస్తారం వంటిది. గురువు, లఘువు అనే రెండు గుర్తులతో మూడక్షరాల గణాలు 8 ఏర్పడినట్టే, ఉండటం, లేకపోవటం అనే రెండు గుర్తులతో మూడు వంశాలు 8 క్రోమోజోములను వేరు చేయగలవు. ఐదు వంశాలుంటే 32 నమూనాలు ఏర్పడతాయి. మనిషిలో 22 లింగేతర క్రోమోజోములు, ఎక్స్, వై కలిసి 24 రకాలే కనుక, తగిన విధంగా ఎంచుకున్న ఐదు వంశాలు సిద్ధాంతరీత్యా సరిపోతాయి. ఆచరణలో క్రోమోజోములు విరిగిపోవటం, అతుక్కుపోవటం, కొన్ని కణాల్లో ఉండి కొన్నింటిలో లేకపోవటం వంటి చిక్కుల వల్ల ఎక్కువ వంశాలను వాడేవారు. ఈ పద్ధతిని యేల్ విశ్వవిద్యాలయంలో ఫ్రాంక్ రడిల్ బృందం ఒక వ్యవస్థగా తీర్చిదిద్దగా, డెన్వర్‌లో ఫా-టెన్ కావ్, థియొడర్ పక్ ఎలుక కణాలకు బదులు చైనా హ్యామ్‌స్టర్ కణాలను ఎంచుకొని, ఫలానా పోషకం లేకుంటే బతకలేని ఉత్పరివర్తిత కణాలతో మానవ జన్యువులను వెతికారు. ఒకే క్రోమోజోము మీద ఉన్నట్టు తెలిసినా మధ్య దూరం తెలియని జన్యువుల సంబంధాన్ని సూచించటానికి, ఒకే పట్టీ అనే అర్థమిచ్చే గ్రీకు మూలాల నుంచి సింటెనీ అనే పదాన్ని జాన్ రెన్విక్ 1971లో రూపొందించారు. ఫలితాలను సరిపోల్చుకొని వివాదాలు తీర్చుకోవటానికి 1973లో న్యూ హేవెన్‌లో మొదలైన మానవ జన్యుపట సదస్సులు 1974లో రాటర్‌డామ్‌లో, 1975లో బాల్టిమోర్‌లో కొనసాగాయి.

ఇంతవరకు పటానికెక్కిన జన్యువులు చాలావరకు సంకర కణంలో పనిచేసి తమ ఎంజైమును చూపించుకోగలిగినవే. హీమోగ్లోబిన్‌ను తయారుచేసే గ్లోబిన్ జన్యువులు అటువంటివి కావు. అవి ఎర్ర రక్తకణాలుగా మారబోయే కణాల్లో తప్ప నిద్రలోనే ఉంటాయి, కాబట్టి పొగ లేకుండానే నిప్పును పట్టుకోవలసి వచ్చింది. ఇందుకు ప్రోటీన్‌ను వదిలి నేరుగా డీఎన్ఏనే వెతికే పద్ధతిని ఆశ్రయించారు. గ్లోబిన్ సందేశ ఆర్ఎన్ఏ నుంచి తయారుచేసిన రేడియోధార్మిక డీఎన్ఏ ప్రతి, సంకర కణపు డీఎన్ఏలో తన జోడీ దొరికితే దానితో పెనవేసుకుంటుంది, దొరకకపోతే విడిగా మిగిలిపోతుంది. ఆర్థర్ డైసెరాత్ బృందం ఈ పద్ధతితో ఆల్ఫా గ్లోబిన్ జన్యువు 16వ క్రోమోజోము మీద ఉన్నదని 1977లో, బీటా గ్లోబిన్ జన్యువు 11వ క్రోమోజోము మీద ఉన్నదని 1978లో ప్రకటించింది. ఆల్ఫా గ్లోబిన్ వ్యాస రచయితల్లో రాజు కూచర్లపాటి ఒకరు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి, ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొంది, యేల్‌లో రడిల్ వద్ద శిక్షణ తీసుకున్న ఆయన తరువాతి కాలంలో మానవ జీనోమ్ ప్రణాళికలో 12వ క్రోమోజోము పట నిర్మాణంలో పాలుపంచుకున్నారు. తలసీమియా, సికిల్ సెల్ వంటి రక్త వ్యాధుల మూలాలు ఏ క్రోమోజోముల మీద ఉన్నాయో ఈ రెండు ఫలితాలు చూపించాయి.

క్రోమోజోము ఏదో తెలిసినా, దాని మీద జన్యువుల వరుస ఏమిటన్నది సంకర కణాలు చెప్పలేకపోయాయి, ఎందుకంటే వాటిలో క్రోమోజోము ఉంటే మొత్తం ఉంటుంది, పోతే మొత్తం పోతుంది. ఈ పరిమితిని దాటే ఉపాయాన్ని 1975లో స్టీఫెన్ గాస్, హెన్రీ హ్యారిస్ ప్రకటించారు. మానవ కణాలను తీవ్రమైన రేడియేషన్‌కు గురిచేస్తే వాటి క్రోమోజోములు ముక్కలవుతాయి, ఆ కణాలు తాముగా బతకలేవు. అయితే వెంటనే వాటిని హ్యామ్‌స్టర్ కణాలతో కలిపితే కొన్ని ముక్కలు కొత్త కణంలో చోటు సంపాదించుకుంటాయి. దగ్గరగా ఉన్న జన్యువులు ఒకే ముక్కలో ఉండే అవకాశం ఎక్కువ, దూరంగా ఉన్నవాటి మధ్య విరుపు పడే అవకాశం ఎక్కువ. గాస్, హ్యారిస్ ఎక్స్ క్రోమోజోము మీద ఉన్న నాలుగు జన్యువుల వరుసను ఈ విధంగా నిర్ణయించారు. స్టర్టివాంట్ కొలబద్దే ఇక్కడ మరో రూపంలో తిరిగివచ్చింది. ఆయన లెక్కించినది ప్రకృతి చేసిన ముక్కల మార్పిడిని అయితే, వీరు లెక్కించినది కిరణాలు చేసిన విరుపులను.

ఈ ఉపాయం తన కాలానికి ముందే వచ్చిందని చెప్పాలి, ఎందుకంటే ముక్కలను గుర్తించటానికి అప్పట్లో చాలినన్ని ఆనవాళ్లు లేవు. డీఎన్ఏ ఆనవాళ్లు విరివిగా లభించిన తరువాత, 1990లో డేవిడ్ కాక్స్, రిచర్డ్ మైయర్స్ బృందం ఒకే ఒక మానవ క్రోమోజోము, అంటే 21వది, గల సంకర కణాన్ని 8,000 రాడ్ల ఎక్స్ కిరణాలకు గురిచేసి, దాని ముక్కలను మోసే 103 కొత్త సంకరాల సాయంతో ఆ క్రోమోజోము మీద ఆనవాళ్ల వరుసను గణాంక పద్ధతిలో నిర్మించింది. తరువాత మొత్తం మానవ జీనోమ్‌కు వర్తించే రేడియేషన్ సంకర ఫలకాలు రెండు విస్తృతంగా వాడుకలోకి వచ్చాయి, ఒకటి 93 వంశాలు గల జీన్‌బ్రిడ్జ్ ఫలకం, రెండోది 83 వంశాలు గల స్టాన్‌ఫర్డ్ జీ-3 ఫలకం. ఈ ఫలకాల మీద అంతర్జాతీయ బృందం 16,000కు పైగా మానవ జన్యువుల స్థానాలను గుర్తించి 1996లో ప్రచురించిన పటం, జీనోమ్ వరుసను చదవటానికి ముందు తయారైన ముఖ్యమైన దారిచూపుల్లో ఒకటి.

డీఎన్ఏ అక్షరాల వరుసను నేరుగా చదివే యంత్రాలు వచ్చిన తరువాత మానవ జన్యువుల చిరునామాల కోసం సంకర కణాలను ఆశ్రయించే అవసరం తగ్గిపోయింది. పశువులు, గేదెల వంటి జంతువుల పటాలకు మాత్రం రేడియేషన్ సంకర ఫలకాలు మరికొంత కాలం ఉపయోగపడ్డాయి. హ్యాట్ మాధ్యమం 1975లో జార్జ్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్ కనిపెట్టిన హైబ్రిడోమా పద్ధతికి, తద్వారా ఒకే రకం ప్రతిరక్షకాలను విస్తారంగా తయారుచేసే పరిశ్రమకు పునాది అయింది. ఇక న్యూయార్క్‌లో చిట్టెలుక కణాల మధ్య మానవ క్రోమోజోములు రాలిపోతుంటే, రాలక మిగిలిన ఒక్కదాని ఆధారంగా వెతకనారంభించిన థైమిడిన్ కైనేజ్ జన్యువు, జీనోమ్‌ను అక్షరం అక్షరంగా చదివిన తరువాత కూడా, 1971లో చెప్పిన 17వ క్రోమోజోము మీదనే, దాని పొడవైన భుజం చివరి భాగంలో కనిపించింది.